తాళాలన్నీ ఏజెంటుకే ఇచ్చాను
బరంపురంలో ఇంటి నుంచే పని చేస్తాను. యాప్‌ను సర్వర్లపైకి ఎక్కించే డిప్లాయ్‌మెంట్ పని ఏఐ ఏజెంటుకు అప్పగించి హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి యాప్ పడుతూ లేస్తూ ఉంది. కొత్త కోడ్‌దే తప్పనుకుని ఏజెంటు పాత ఇమేజ్, అంటే యాప్ పాత వెర్షన్ ప్యాకేజీ, పెట్టింది, అదీ పడింది. సర్వర్లపై యాప్‌ను నడిపే కుబర్నెటిస్ కూడా పడిన ప్రతిసారీ 10 సెకన్లు, 20, 40 అంటూ ఆగి ఆగి లేపుతోంది, అలా 5 నిమిషాల దాకా పోతుంది. లాగ్‌లలో ఏమీ లేదు. అమ్మ పెట్టిన ఉప్మా చల్లారిపోయింది.

చివరికి ఎగ్జిట్ కోడ్, అంటే యాప్ ఆగినప్పుడు మిగిలే నంబరు, చూశాను: 137. 128కి బలవంతంగా ఆపే సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చేది, అంటే బలవంతంగా ఆపేశారని. పక్కనే కారణం కూడా ఉంది, మెమరీ పరిమితి దాటిందట. ఖర్చు తగ్గించమన్నానని ఏజెంటే రాత్రి ఆ పరిమితిని 512 నుంచి 256 ఎంబీకి దించింది! చెప్పింది నేనే, ఇక తిట్టేదెవర్ని?

పాత పరిమితే పెట్టాను. యాప్ నడిచే సర్వర్ల గుంపు, అదే క్లస్టర్‌లో, ఇప్పుడు ఏజెంటుకు చూసే హక్కే ఉంది. మార్పు కావాలంటే కోడ్ ఉండే గిట్‌లో పుల్ రిక్వెస్ట్, అంటే మార్పు ప్రతిపాదన, పెడుతుంది, నేను చూసి కలుపుతాను.