ఇద్దరూ కలిసి ఫుల్ మీల్స్‌కి వెళ్తే: టోకెన్ నుంచి పెరుగన్నం దాకా

మీల్స్ హోటల్లో భోజనం చెడేది మొదటి పది నిమిషాల్లోనే. ఆకలి మీద కూర్చుంటాం. వడ్డించే అతను రెండు హస్తాలు అన్నం వేసేస్తాడు. పప్పు బావుందని దాంతోనే సగం కడుపు నింపేస్తాం. పులుసు వచ్చేసరికి ఆయాసం, పెరుగు వచ్చేసరికి ‘ఇక చాలు బాబూ’. పది రకాలకు డబ్బు కట్టి మూడు రకాలు తిని లేవడం అంటే ఇదే. పక్కన స్నేహితుడుంటే మాటల్లో పడి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కాస్త లెక్కతో తింటే అదే డబ్బుకి ఇద్దరూ చివరి ముద్ద దాకా ఇష్టంగా తినొచ్చు.

ఏ వేళకి వెళ్లాలి

పన్నెండుంపావుకి కుర్చీలో ఉండేట్టు చూసుకోండి. మామూలు రోజుల్లో ఒంటిగంటకి ఆఫీసుల జనం వచ్చిపడతారు. ఆదివారమైతే కుటుంబాలు ఇంకా ముందే వస్తాయి. తొందరగా వెళ్లమనేది రద్దీ గురించి మాత్రమే కాదు. మొదటి వాయి అన్నం పొగలు కక్కుతుంటుంది, వేపుడు కరకర పోకుండా ఉంటుంది, పెరుగు పులిసి ఉండదు. రెండున్నర దాటితే ముందు వేపుడు అయిపోతుంది, తర్వాత పచ్చడి. పప్పు గట్టిపడిందని వేడినీళ్లు కలిపే చోట్లు కూడా ఉన్నాయి. ఆకులో వేసిన పప్పు చుట్టూ నీరు విడిగా ఊరుతోందంటే జరిగింది అదే.

ఆలస్యం తప్పకపోతే పులుసుల మీద ఆధారపడండి. చేపల పులుసు రెండు మూడు గంటలు నిలిస్తే ముక్కకు చింతపండు పట్టి ఇంకా బావుంటుంది. వేపుడు అలా కాదు, చల్లారితే నూనె తేలిపోతుంది.

టోకెన్, బల్ల, ఫుల్ మీల్సా ప్లేట్ మీల్సా

రద్దీ హోటళ్లలో ముందు కౌంటర్ దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి. ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లే తెలుగువాళ్లకి ఈ పద్ధతి బాగా అలవాటే. ఇద్దరు వెళ్లినప్పుడు ఒకరు లైన్లో నిలబడి రెండో వాళ్లు ఖాళీ అయ్యే బల్ల కనిపెట్టాలి. పెరుగన్నం కలుపుతున్నవాళ్ల వెనక నిలబడండి. అప్పుడే పప్పు కలుపుతున్నవాళ్ల వెనక నిలబడితే ఇరవై నిమిషాలు అక్కడే. తెలియనివాళ్లతో బల్ల పంచుకోవాల్సి రావచ్చు, అది ఇలాంటి చోట్ల మామూలే.

టోకెన్ తీసుకునేటప్పుడే తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఫుల్ మీల్స్ అంటే అన్నం, పప్పు, కూరలు, చారు అడిగినంత. ప్లేట్ మీల్స్ అంటే కొలత ప్రకారం ఒక్కసారే. ఒక ఫుల్ మీల్స్‌ని ఇద్దరు పంచుకోనివ్వరు, అడగడం కూడా పద్ధతి కాదు. ఒకరు బాగా తినేవాళ్లు, ఒకరు కొద్దిగా తినేవాళ్లైతే ఒక ఫుల్, ఒక ప్లేట్ తీసుకోండి. ఫుల్ మీల్స్‌లో కూడా ఏది అడిగినంత, ఏది ఒక్కసారే అన్నది ముందే కనుక్కోండి. మామూలుగా స్వీటు, అప్పడం, కప్పులో ఇచ్చే పెరుగు ఒక్కసారే ఇస్తారు.

ఇద్దరికీ కలిపి ఒక్క స్పెషల్

కోడి వేపుడు, రొయ్యల వేపుడు, చేపల పులుసు లాంటివి మీల్స్‌లో ఉండవు, విడిగా చెప్పాలి. ఇద్దరికీ ఒకటి చాలు. కూర్చోగానే రెండు మూడు చెప్పేసి అన్నీ బల్ల మీద చల్లార్చుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒకటి తెప్పించి, అది సగమయ్యాక ఇంకొకటి కావాలో లేదో చూసుకోండి.

చెప్పేముందు రెండు ప్రశ్నలు అడగండి: ‘ప్లేటుకి ఎన్ని ముక్కలు?’, ‘ఇప్పుడు వేయించి ఇస్తారా, చేసి ఉందా?’ చేప ముక్కలు రెండొస్తే చెరొకటి. మూడైతే తల ముక్క ఎవరికన్నది ముందే మాట్లాడుకోండి, తల ఇష్టపడేవాళ్లకి దాని విలువ తెలుసు. రొయ్యలు చేసి ఉంచినవైతే వదిలేయడం మంచిది. మళ్లీ వేడి చేస్తే రబ్బరులా సాగుతాయి.

వేపుడు చెప్పాలంటే టోకెన్‌తో పాటే చెప్పండి. వంటింట్లోంచి వచ్చేసరికి మీరు పప్పు ముగించి ఉంటారు, సరిగ్గా అందుకుంటుంది. పులుసు అయితే తొందర లేదు.

ఆకు ముందు

అరిటాకు కొస మీ ఎడమ వైపుకి రావాలి. వెడల్పు భాగం కుడి వైపు ఉంటే కలుపుకోవడానికి చోటు దొరుకుతుంది. నీళ్లు చల్లి చేత్తో తుడిచి, ఆ నీళ్లు అవతలి అంచు నుంచి వంపండి. పైవరసలో ఉప్పు, ఊరగాయ, పచ్చడి, వేపుడు, కూర వస్తాయి. అన్నం కింది సగంలో.

ఇక అసలు లెక్క. ఇంట్లో మధ్యాహ్నం తినే అన్నాన్ని మనసులో అయిదు పాళ్లు చేసుకోండి: పొడి లేదా పచ్చడికి ఒకటి, పప్పుకి ఒకటి, కూరకో మీరు తెప్పించిన స్పెషల్‌కో ఒకటి, పులుసు చారులకి కలిపి ఒకటి, పెరుగుకి ఒకటి. అన్నం వడ్డించే అతను రాగానే హస్తం వంచకముందే ‘కొంచెం అన్నా’ అనాలి, అరచెయ్యి అడ్డం పెట్టాలి. పడ్డాక ‘చాలు చాలు’ అంటే లాభం లేదు. అతను మళ్లీ వస్తాడు, ఆ నమ్మకంతో తినండి.

మొదటి వాయి అన్నం కందిపొడికే. పొడికి వేడి కావాలి, నెయ్యికీ వేడి కావాలి. చల్లారిన అన్నంలో నెయ్యి గడ్డకట్టి పొడి గొంతుకి అడ్డం పడుతుంది. గుప్పెడు అన్నం మధ్యలో వేలితో గుంట చేసి, అందులో చెంచాన్నర పొడి, దాని మీద నెయ్యి పోయించుకోండి. పొడి నెయ్యిని పీల్చుకుని ముదురు రంగుకి తిరిగే దాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు అంచుల నుంచి అన్నం లోపలికి లాగుతూ కలపండి. తెల్ల మెతుకు కనిపించకూడదు. గోంగూర పచ్చడి కూడా ఇలాగే, కానీ పొడి కన్నా తక్కువ వేసుకోండి. అందులో ఉప్పూ పులుపూ గట్టిగా ఉంటాయి. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ అడిగితే ఇస్తారు.

అన్నం పొడిపొడిగా రాలుతోందంటే పాత బియ్యం. ముద్దగా అంటుకుంటే కొత్త బియ్యమో, నీళ్లు ఎక్కువయ్యాయో. బాపట్లలో రూపొందించిన బీపీటీ 5204 రకం, అంటే సాంబ మసూరి, 1986లో విడుదలైనప్పటి నుంచి సన్న బియ్యమంటే చాలామందికి అదే. ముద్దగా ఉన్న రోజు పప్పు తగ్గించి చారు వంతు పెంచండి, చారు ఆ ముద్దని విడదీస్తుంది.

రెండో వాయి పప్పుకి. ఇక్కడే ఆగాలి. పప్పు, ఆవకాయ, నెయ్యి కలిస్తే చెయ్యి ఆగదు, మళ్లీ అన్నం వేయించుకోవాలనిపిస్తుంది. పప్పు కడుపులో బరువుగా కూర్చుంటుంది కాబట్టి మిగతావాటికి చోటు ఉండదు. ఆవకాయ ముక్క కన్నా దాని నూనెనీ పిండినీ కలుపుకుంటే పప్పుకి బాగా పడుతుంది. ముక్కని పెరుగన్నానికి దాచుకోండి.

అప్పడం విషయంలో చాలామంది పొరబడతారు. వేడి అన్నం పక్కన పెడితే ఆ ఆవిరికి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. మంచినీళ్ల గ్లాసు పొడిగా ఉంటే దాని మీద మూతలా పెట్టుకోండి, లేదా ఆకు కొస దగ్గర ఊరగాయ అవతల ఉంచండి.

చారు పోయించుకోవడానికి నేర్పు కావాలి. అరిటాకు ఈనె మీకు అడ్డంగా ఉంటుంది కనుక దాని ఇవతల పడ్డదంతా మీ ఒళ్లోకి జారుతుంది. ముందుగా అన్నాన్ని మీ వైపు ఎత్తుగా గట్టులా పేర్చి, గట్టుకీ ఈనెకీ మధ్య గుంట చెయ్యండి. అరగరిటె మాత్రమే పోయించుకుని, అన్నం పీల్చుకున్నాక ఇంకో అరగరిటె. నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి గట్టు వైపు నుంచి ఎత్తుకుంటే చుక్క కూడా కారదు. కారం ఎక్కువగా తిన్నారనిపిస్తే ఇంకో గరిటె చారు విడిగా గ్లాసులో పోయించుకుని తాగండి.

పెరుగు ముందు ఒక చుక్క రుచి చూడండి. బాగా పులిసిందని తెలిస్తే మజ్జిగ అడగండి, చాలాచోట్ల ఉంటుంది. పెరుగన్నంలోకి ఊరమిరపకాయ దొరికితే వదలొద్దు.

ఇద్దరూ ఒకే వేగంతో

వడ్డన వాయిల్లో నడుస్తుంది. ఒకరు పప్పులో, ఒకరు చారులో ఉంటే వడ్డించేవాళ్లు మీ బల్ల దగ్గర తికమకపడతారు, అడిగింది ఆలస్యంగా వస్తుంది. కాబట్టి త్వరగా తినేవాళ్లు కాస్త ఆగాలి, మాట్లాడేవాళ్లు ముద్ద దిగాక మాట్లాడాలి. వడ్డించే అతన్ని చప్పట్లతోనో ఈలతోనో పిలవొద్దు. ‘అన్నా, పులుసు’ అంటే చాలు, పెద్దాయన అయితే ‘బాబాయ్’. బకెట్ చూసి పేరు పెట్టి అడిగితే ఇంకా త్వరగా వస్తుంది.

ఎముకలు, ముళ్లు ఆకు అంచునే ఉంచండి, బల్ల మీద వద్దు. తిన్నాక ఆకుని మీ వైపుకి మడవండి. అవతలికి మడవడం చావు భోజనాల పద్ధతని మన పెద్దవాళ్లు పట్టించుకుంటారు.

మీ వెనక మనుషులు నిలబడి ఉంటారు గనక కబుర్లు అక్కడ వద్దు. చెయ్యి కడుక్కుని, పక్కనున్న టీ కొట్టుకో కిళ్లీ కొట్టుకో వెళ్లండి. అరగంట మాట్లాడుకోవాలనుకున్న రోజు మీల్స్ హోటల్ కాకుండా టిఫిన్ వేళని ఎంచుకోవడం మంచిది, నాలుగింటికి ఖాళీగా ఉంటుంది.

బిల్లు

టోకెన్ హోటళ్లలో పన్ను మామూలుగా ధరలోనే కలిసి ఉంటుంది. బల్ల దగ్గరికి బిల్లొచ్చే చోట రెండు మీల్స్ 150 చొప్పున, ఒక స్పెషల్ 220 అనుకుంటే మొత్తం 520. దాని మీద 5 శాతం జీఎస్టీ 26, కట్టాల్సింది 546. స్టార్ హోటళ్ల సంగతి పక్కన పెడితే ఈ 5 శాతం లెక్క 2017 నవంబరు 15 నుంచి ఉంది. బిల్లు మీద కాంపోజిషన్ పథకం (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద పన్ను తామే కట్టుకునే పద్ధతి) కింద ఉన్నట్టు రాసి ఉంటే పన్ను విడిగా వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జీ అని వేస్తే అది తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే ఆ మాట చెప్పింది. మర్యాదగా తీసెయ్యమనండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన అతనికి ఇచ్చేది మాత్రం కౌంటర్లో కాదు, చేతికే ఇవ్వండి.

ఇద్దరిలో ఒకరు స్పెషల్ తినకపోతే దాని డబ్బు తిన్నవాళ్లదే. ఇది బిల్లొచ్చాక కాదు, ఆర్డరు చెప్పేటప్పుడే అనుకోవాలి.

చోటు దొరకని రోజు

పార్సిల్ మీల్స్‌లో అన్నం ఎక్కువే పెడతారు. తక్కువ తినే ఇద్దరికి ఒక పార్సిల్, విడిగా ఒక కూర, ఒక పెరుగు సరిపోతాయి. కాకినాడ సుబ్బయ్య హోటల్ అనగానే గుర్తొచ్చే బుట్ట భోజనం ఇలా నలుగురు పంచుకోవడానికి చక్కటిది. ఇంటికి తెచ్చాక అన్నం మూట వెంటనే విప్పి పళ్లెంలో పరవండి. మూసి ఉంచితే ఆవిరికి చెమ్మగిలి అడుగు అన్నం పేస్టవుతుంది. చారు ప్యాకెట్ ముడిని విప్పడానికి తంటాలు పడొద్దు. ప్యాకెట్‌ని లోతైన గిన్నెలో నిలబెట్టి, ముడి కింద కత్తెరతో చిన్న మూల కత్తిరించండి.