నూనె తేలని కూర: కేలరీలు పెరగకుండా ప్రోటీన్ తినడం ఎలా?

ప్రోటీన్ పెంచుదామని కంచంలో ముక్కలు రెట్టింపు చేస్తారు. వాటి వెంట నూనె, అన్నం కూడా రెట్టింపవుతాయి. తోలు తీసిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో 22 గ్రాముల ప్రోటీన్, 120 కేలరీలు ఉంటాయి. ఒక టేబుల్‌స్పూను నూనెలోనూ ఇంచుమించు అవే 120 కేలరీలు, ప్రోటీన్ మాత్రం సున్నా. అసలు పని పొయ్యి దగ్గరే ఉంది.

కిడ్నీ జబ్బున్నవాళ్లు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) ఎక్కువని తేలినవాళ్లు డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లు ఒంట్లో బాగానే ఉన్నా సరే, ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఈ జబ్బు మొదట్లో బయటపడదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువు తగ్గేవాళ్లు 70 పెట్టుకోండి. చికెన్, కానాగంతలు (సముద్రపు చేపలు) 100 గ్రాములకు 20 చొప్పున, గుడ్డుకు 6, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములకు 15, ఉలవలు 50 గ్రాములకు 11 వేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ చెరువు బొచ్చె చేపతో సరిపెట్టుకోవచ్చు. పలాస జీడిపప్పును ప్రోటీన్ కింద రాయకండి: 18 గ్రాముల కోసం 550 కేలరీలు మింగాలి. చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ చోళ్లలో ప్రోటీన్ 7 శాతమే.

బియ్యం మనిషికి 60 గ్రాములు, వండకముందే తూచండి.

ఇక అందరూ చెడగొట్టేది ఉల్లిపాయ వేపుడు. అర కిలో చికెన్‌కి పావు కిలో ఉల్లిపాయలు, రెండు టీస్పూన్ల నూనె. అంతకు మించి చుక్క వద్దు. అడుగు మందంగా ఉన్న కళాయి కావాలి. నాన్‌స్టిక్ పనికిరాదు, దానికి ఏదీ అంటుకోదు, మనకు కావలసింది అంటుకోవడమే. సన్నగా తరిగిన ఉల్లిపాయలో అర టీస్పూను ఉప్పు కలిపి, మూతపెట్టి, సన్నమంట మీద ఎనిమిది నిమిషాలు మగ్గనివ్వండి. ఉప్పుకు ఉల్లిలోని నీరు దిగుతుంది, ఆ నీటిలోనే అది మెత్తబడుతుంది.

మూత తీసి మంట పెంచండి. నీరు ఇగిరిపోయి అడుగంటడం మొదలవుతుంది. ఇక్కడ భయపడి గ్లాసుడు నీళ్లు పోస్తారు. ఉల్లిపాయ వేగడం మానేసి ఉడుకుతుంది, కూరంతా పచ్చివాసన కొడుతుంది. లేదంటే ఫోను చూస్తూ వదిలేస్తారు, చేదెక్కుతుంది. చేదెక్కిన ఉల్లిని పారేసి మళ్లీ మొదలుపెట్టడమే, ఏం కలిపినా ఆ చేదు పోదు. అడుగు ఎర్రబడగానే, నల్లబడకముందే, రెండు స్పూన్ల నీళ్లు చిలకరించి చెక్క గరిటెతో గీకండి. ఆ ఎరుపంతా ఉల్లిలోకి వస్తుంది. ఇలా నాలుగుసార్లు. ముదురు బెల్లం రంగు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో అయిందంటే మీరు తొందరపడ్డారనే.

అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి ఈ కళాయిలో పొడిగా వేస్తే క్షణాల్లో మాడతాయి, కాపాడడానికి నూనె లేదు. అర గ్లాసు నీళ్లలో కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా ఉంచండి. పెరుగు వేయాలంటే ముందు స్పూను శనగపిండి కలిపి చిలకండి, లేకుంటే విరుగుతుంది. చివర్లో వాసన కోసమని స్పూను నూనె పోసేవాళ్లకు ఈ ఇరవై నిమిషాల కష్టమూ దండగ.

ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ ఎవరూ నాలుగు రోజులకు మించి తినలేరు, ఐదో రోజు బిర్యానీకి పోతారు. ఈ కూరకు ఆ బాధ లేదు.

బ్రెస్ట్ ముక్కలు ఈ మసాలాలో వేసి పది నిమిషాలకు దించేయండి, ఆ తర్వాత పీచులా గట్టిపడతాయి. కానాగంతలైతే చింతపండు పులుసు మరిగాక వేసి ఎనిమిది నిమిషాలు. గరిట పెట్టకుండా కళాయినే పట్టుకుని తిప్పాలి. మీల్‌మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి, ఉల్లి వేగాకే వెయ్యండి. ముందే వేస్తే ఉన్న రెండు స్పూన్ల నూనె అదే తాగేస్తుంది.