గాలి పడిపోయే రోజుల్లో ఆయిల్ ట్యాంకర్లపై తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎండలు ముదిరి ఆకైనా కదలని రోజులు రాకముందే, విశాఖ రేవులో గానీ విదేశీ రేవుల్లో గానీ ఆయిల్ ట్యాంకర్లపైన, జెట్టీలపైన పనిచేసే మనవారు ఒక విషయం తెలుసుకోవాలి. సరుకు దించేసిన ఓడలో ప్రమాదం తగ్గినట్టు కాదు. క్రూడాయిల్ ఖాళీ అయిన ట్యాంకులో ఆవిరి మిగులుతుంది. ఖాళీ ఓడ నిలకడగా ఉండేందుకు ట్యాంకుల్లోకి బ్యాలస్ట్ నీరు (బరువు కోసం నింపే నీరు) ఎక్కించే కొద్దీ ఆ ఆవిరి వెంట్ల (గాలి గొట్టాల) గుండా బయటికి వస్తుంది. గాలికంటే బరువైనది కనుక, గాలి వీచకపోతే డెక్ (ఓడ పైతలం) మీదే పరుచుకుంటుంది; నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

1976 డిసెంబరు 17న లాస్ ఏంజెలెస్ రేవులో సాన్సినెనా ట్యాంకరు ఇలాగే పేలి తొమ్మిది మంది ప్రాణాలు తీసింది. అందుకే బ్యాలస్ట్ మొదలుపెట్టే ముందు గాలి ఎటు, ఎంత వీస్తోందో చూడాలి. గాలి పడిపోయినా, ఉరుములు వినిపించినా పని ఆపించాలి. ఆలస్యానికి ఎవరు విసుక్కున్నా వెనక్కి తగ్గనక్కరలేదు. మంటను అంటుకోనివ్వని ఇనర్ట్ గ్యాస్‌ను ట్యాంకుల్లో నింపే ఏర్పాటున్న ఓడల్లో ట్యాంకులోని ఆక్సిజన్ 8 శాతం దాటకుండా, లోపలి ఒత్తిడి బయటి గాలికంటే తగ్గకుండా కనిపెట్టుకుని ఉండాలి. నివాస భాగం తలుపులు, కిటికీలు మూసి, ఏసీ బయటి గాలిని లోపలికి లాగకుండా చూడాలి. మామూలు సెల్‌ఫోను, టార్చి డెక్ మీదికి తేకూడదు.

రెండో జాగ్రత్త ఓడ బలానికి సంబంధించినది. 1979 జనవరి 8న ఐర్లండ్‌లోని బాంట్రీ అఖాతంలో, విడీ ద్వీపం జెట్టీ వద్ద బెటల్‌గూస్ అనే ట్యాంకరు విరిగి తగలబడి 50 మంది చనిపోయారు. తుప్పుతో బలహీనపడిన ఓడలో బ్యాలస్ట్ బరువును సరిగా సర్దకపోవడమే అది విరగడానికి కారణమని, ఆ సమయంలో టెర్మినల్ కంట్రోల్ రూములో ఉండవలసిన ఉద్యోగి అక్కడ లేడని విచారణ తేల్చింది. జెట్టీ నేలకు దూరంగా నీటి మధ్యన ఉండటంతో దాని మీద పనిచేసేవారు తప్పించుకోలేకపోయారు. కాబట్టి పంపు మొదలయ్యే ముందే ప్రతి దశలో ఓడపై పడే ఒత్తిడిని లెక్కగట్టాలి. కంట్రోల్ రూములో ఎవరుంటారో, ఏ రేడియో ఛానెల్‌లో పిలవాలో, టగ్ (ఓడలను లాగే సహాయక పడవ) ఎక్కడ నిలుస్తుందో, జెట్టీ వారు ఏ వైపు నుంచి ఏ పడవలో దిగుతారో ఓడవారు, ఒడ్డువారు కలిసి రాసుకుని, ఆ దారిన ఒకసారి నడిచి చూసుకోవాలి.