సకినాల డబ్బా కంటే ముందు టీకాల కార్డు

మా తోడికోడలు సంక్రాంతి కాగానే న్యూజెర్సీకి ప్రయాణం. వెంట నాలుగేళ్ల బాబు, పద్నాలుగు నెలల పాప. నల్లగొండలో మా ముందుగదిలో రెండు పెట్టెలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. వచ్చిన చుట్టం వచ్చినట్లు వాటిలో ఏదో ఒకటి వేసి పోతున్నారు: ఉన్ని టోపీలు, పల్లీల పొడి, సకినాల డబ్బా, నాలుగు కాటుక భరిణెలు. పిల్లల టీకాల కార్డు ఏదని నేను అడిగితే ఇల్లంతా వెతికారు. చివరికి గ్యాస్ పుస్తకం మధ్యలో దొరికింది.

కొన్నేళ్ల కిందట ఇదే చలికాలంలో, ఇదే వయసు పిల్లలతో నేనూ వెళ్లి, రెండేళ్లు ఉండి వచ్చాను. అందుకే ఆమెకు చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను. వలస మన వైపు కొత్త కాదు. చంటిబిడ్డను చంకన వేసుకుని పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కిన తల్లులు ఎందరో. కాకపోతే వాళ్లను బొంబాయిలో ఎవరూ టీకాల కార్డు అడగలేదు.

టీకాల సంగతి ప్రయాణానికి రెండు నెలల ముందే తేల్చుకోవాలి. మన ప్రభుత్వ పట్టికలో తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య మరోసారి వేసేది తట్టు, రుబెల్లా టీకా. అందులో గవదబిళ్లలకు మందు లేదు. అమెరికా బడులు అడిగేది ఆ మూడూ కలిసిన ఎంఎంఆర్. పైగా మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును అక్కడ లెక్కలోకి తీసుకోరు. అంటే మా పాపకు తొమ్మిదో నెలలో వేయించింది వృథా కాకపోయినా, బడి కాగితాల్లో మాత్రం అది లేనట్లే. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ పట్టికలోనే లేదు, అక్కడ అడుగుతారు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు రెండూ ఒకే రోజు వేయించవచ్చు. అలా కుదరకపోతే మధ్యలో కనీసం 28 రోజులు ఆగాలి. చివరి వారంలో పరుగెత్తితే కుదరనిది ఇందుకే. అక్కడికి వెళ్లాక వేయించకూడదా అంటే వేయించవచ్చు. బీమా మొదలై, డాక్టరు సమయం దొరికేదాకా పిల్లవాడు బడికి పోకుండా నాలుగు గోడల మధ్య మీ కొంగు పట్టుకుని తిరుగుతాడేమో, అంతే. జర్మనీ వెళ్లేవారికీ ఈ బెడద ఉంది. 2020 మార్చి నుంచి అక్కడ ఏడాది దాటిన పిల్లలను తట్టు టీకా రుజువు లేకుండా శిశు సంరక్షణ కేంద్రాల్లో చేర్చుకోవడం లేదు.

కార్డు మీద తేదీలు ఒకసారి చూడండి. మనకు 03/07 అంటే జూలై మూడు. అమెరికావారికి అది మార్చి ఏడు. ఆ లెక్కన మా అబ్బాయికి ఒక టీకా పుట్టకముందే వేసినట్లు తేలింది. టీకాలన్నీ ఒక కాగితం మీద, నెల పేరు అక్షరాల్లో ఉండేలా, ఇంగ్లీషులో రాయించి డాక్టరు సంతకం, ముద్ర వేయించండి. అదే కాగితంలో ఇంకో రెండు విషయాలు చేర్పించండి. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేశారన్నది మొదటిది. ఆ టీకా వల్ల క్షయకు చేసే చర్మ పరీక్షలో ఏమీ లేకపోయినా ఉన్నట్లు రావచ్చు. అక్కడి డాక్టరుకు భుజం మీది మచ్చ చూపించి రక్త పరీక్ష చేయమని అడగండి. రెండోది, పాప నడుము మీద పుట్టుకతో ఉన్న నీలి మచ్చలు. మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి, మనం పట్టించుకోం. కొత్తగా చూసేవారికి అవి దెబ్బల్లా కనిపిస్తాయి. పిల్లలను ఎవరో కొడుతున్నారని అనుమానం వస్తే అధికారులకు తెలపడం అక్కడ టీచర్లకు చట్టం పెట్టిన విధి. ఇంట్లో మీరు చేయెత్తే అలవాటు ఉంటే దాన్ని నల్లగొండలోనే వదిలి వెళ్లండి.

పేరు విషయంలో మేము బాగా దెబ్బతిన్నాం. మా అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాం. వీసాలో వాడి పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వచ్చింది. పేరు తెలియదు అనడానికి అది పొట్టి గుర్తు. బడిలో మొదటి వారం టీచరమ్మ వాడిని ‘ఫ్నూ’ అని పిలిచింది. వాడు పలకలేదు. చెవి పరీక్ష చేయించమని ఇంటికి చీటీ వచ్చింది. జనన ధ్రువపత్రంలోనూ పాస్‌పోర్టులోనూ పేరు, ఇంటిపేరు ఒకేలా, వేర్వేరు గడుల్లో ఉన్నాయో లేదో వీసాకు ముందే చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. అక్కడ దిగాక ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఐ-94 ప్రతి ఒక్కరికీ వేరువేరుగా నమోదు అవుతుంది. పాప పాస్‌పోర్టు ముందే ముగిసిపోయేలా ఉంటే పాప గడువును ఆ తేదీతోనే ఆపవచ్చు. అందరి తేదీలూ మొదటి వారంలోనే చూసుకోండి.

శంషాబాద్ దాకా పాప వాళ్ల నాయనమ్మ ఒడిలోనే వెళుతుంది. అది కళ్లకు కట్టినట్లు కనిపిస్తోంది, నేను ఎంత చెప్పినా ఆగదు. నెవార్క్‌లో దిగాక మాత్రం ఒడి చెల్లదు. న్యూజెర్సీలో రెండేళ్లలోపు, 30 పౌండ్లలోపు పిల్లలు కారు వెనుక భాగంలో, ముఖం వెనక్కి ఉండే సీటులోనే కూర్చోవాలి. తీసుకెళ్లడానికి వచ్చే స్నేహితుడికి ముందే చెప్పి ఆ సీటు బిగించి ఉంచమనండి. చలికి భయపడి లావు కోటు మీదే బెల్టు పెట్టవద్దు. ఢీకొన్నప్పుడు కోటు అణిగి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

చలి గురించి ఇంతకంటే చెప్పను. బట్టలు అక్కడే కొనుక్కోండి. నల్లగొండ గడియారం సెంటర్‌లో దొరికే స్వెటర్ న్యూజెర్సీ జనవరికి చాలదు.

కాటుక భరిణెలు నాలుగూ పెట్టెలోంచి నేనే తీసేశాను. అంగట్లో దొరికే కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుంది. అమెరికాలో దాన్ని సౌందర్య సాధనంగా అమ్మడానికే అనుమతి లేదు. ఇంట్లో ఆముదం దీపానికి పట్టిన కాటుకలో సీసం ఎక్కడిదని అత్తమ్మ అడిగారు. సరే, కానీ భరిణెల మీద కంపెనీ పేరు ఉంది కదా.

ఫ్లోరైడ్ గురించి మా తోడికోడలి భయం వేరు. వంకర తిరిగిన కాళ్లను, పచ్చబడిన పళ్లను చూస్తూ పెరిగిన జిల్లా మనది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. అలాంటిది, అక్కడ కొన్ని ఊళ్లలో నీళ్లలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారంటే ఆమె నమ్మలేదు. కలిపేది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దేశంలో అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5. భయపడవలసింది పేస్టు మింగే పిల్లల గురించి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలైతే ఆ మాట పళ్ల డాక్టరుకు చెప్పండి.

జ్వరం మందు దగ్గర నిద్రమత్తులో పొరపాటు జరుగుతుంది. మన పారాసెటమాల్‌నే అక్కడ అసిటమినోఫెన్ అంటారు. వేరే మందు అనుకుని తల్లి ఒకటి, తండ్రి ఒకటి వేసేస్తారు. అక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు ఉంటుంది. మన చుక్కల మందులో చాలావాటిలో ఒక్క మిల్లీలీటరుకే 100. ఇక్కడి కొలత మూత అక్కడి సీసాకు పనికిరాదు. బిడ్డ బరువును బట్టి ఎంత వేయాలో డాక్టరును అడిగి ఫ్రిజ్ మీద అంటించండి.

సకినాలు వెళ్లవచ్చు. మటన్ పచ్చడి వెళ్లదు. ఉన్న తినుబండారాలన్నీ కస్టమ్స్ వారికి చెప్పండి. సకినాలు ఇంట్లో తినండి, బడి డబ్బాలో వద్దు. అలర్జీ తెచ్చే ముఖ్యమైన తిండి పదార్థాలంటూ అమెరికా చట్టం పెట్టిన జాబితాలో వాటిలోని నువ్వులు 2023 నుంచి తొమ్మిదో పేరు. పల్లీలను గడప దాటనివ్వని బడులు చాలా ఉన్నాయి.

బాబు బడికి వెళ్లాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, అక్కడ నోరు విప్పకపోవచ్చు. వింటూ ఉంటాడు. ఆ కంగారులో ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లీషు మొదలుపెట్టవద్దు. మేము ఆ తప్పు చేశాం. వాడికి నాయనమ్మతో మాటలు తగ్గాయి తప్ప బడిలో పెరగలేదు.

నాయనమ్మకు ఫోను చేసే వేళ ముందే కుదుర్చుకోండి. నల్లగొండలో రాత్రి ఎనిమిదంటే ఈ చలికాలంలో అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారాలు ముందుకు జరిగాక అదే పదిన్నర. అత్తమ్మకు ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా పట్టలేదు. నిన్న ఇంకో గోడగడియారం కొని న్యూజెర్సీ వేళకు పెట్టి తగిలించాం. మార్చిలో దాన్ని తిప్పడం నా పని.