పిన్‌కోడ్ ఎలాంటి సంఖ్యో కాగితం మీదే తేల్చేయొచ్చు

తిరుపతి 517501, చిత్తూరు 517001. కవర్ల మీద రోజూ రాస్తాం గానీ వీటిని సంఖ్యలుగా ఎవరం చూడం. మా వీధిలో తొమ్మిది చదివే పాప "అన్నా, మన పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యేనా?" అని అడిగింది. మేం కాలిక్యులేటర్ ముట్టకుండా చేసిన పద్ధతి ఇది.

రెండిటికీ చివర 1 ఉంది, కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 19, 14, కాబట్టి 3 కూడా పోయింది.

ఇప్పుడు సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టండి. 517, 501. తీసివేస్తే 16. ఈ 16ని 7, 11, 13 ఏవీ భాగించవు, అంటే 517501ని కూడా భాగించవు, ఎందుకంటే 7×11×13 = 1001, మన సంఖ్య 517×1001 కంటే 16 తక్కువ. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పాయి! అవే ముక్కల్ని కూడితే 37 సంగతి తేలుతుంది, 999లో 37 ఉంది కాబట్టి. చిత్తూరు ఇక్కడే దొరికిపోతుంది: 517+1 = 518 = 37×14. అలా 517001 = 37×13973, ఇంకాస్త ఓపిక పడితే 13973 = 89×157. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఏదీ రెండుసార్లు రాలేదు. మొత్తం కారణాంకాలు 8, 517001ని వదిలేసి మిగతా ఏడూ కూడితే 23359 మాత్రమే, 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలకు (వాటిలో ఈ మొత్తం ఆ సంఖ్యే అవుతుంది) ఇది చాలా దూరం.

తిరుపతి అంత తేలిగ్గా తేలదు. 720 వర్గం 518400, అంటే 719 వరకున్న 128 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. శేషాలన్నీ పక్కనే రాసుకోండి, లేకపోతే ఎక్కడ ఆగామో మర్చిపోతాం. 23 దగ్గర శేషం 1, 353 దగ్గర 3, కొద్దిలో తప్పిపోతుంటే పాప టెన్షన్‌తో పెన్సిల్ కొరికేసింది. ఏదీ భాగించలేదు. ప్రధాన సంఖ్యే!

ఇన్ని భాగహారాల్లో ఎక్కడో తప్పు దొర్లి ఉండొచ్చు కదా, అందుకే ఇంకో దారిలోనూ సరిచూడండి, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా వస్తుందని గణితవేత్త ఫెర్మా 1640లో చెప్పాడు, తర్వాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. 517501 నుంచి 719 వర్గం, 718 వర్గం, ఇలా 509 దాకా ఒక్కోటీ తీసేస్తూ మిగిలింది వర్గమేనా అని చూడండి. చివర 2, 3, 7, 8 వస్తే వెంటనే వదిలేయొచ్చు. 699 దగ్గర 28900 మిగులుతుంది, అది 170 వర్గం. కింద 509 దాకా వెళ్లినా ఇంకోటి దొరకదు, 699, 170 రెండిటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. ఇలా ఒకే ఒక్క జత, అదీ ఉమ్మడి కారణాంకం లేకుండా వస్తే ఆ నియమం వెనక్కి కూడా పనిచేస్తుంది, అంటే ప్రధాన సంఖ్య అని ఖాయం.

అదే చిత్తూరుకైతే నాలుగు విధాలు: 701, 160 ఒక జత, 676, 245 ఇంకో జత. మిగతా రెండూ మీరే వెతకండి, ఒకటి 710కి పైనే ఉంది.