విమాన ప్రయాణం ఎంతసేపో మీరే లెక్కేసుకోండి

ముందు దూరం. చదునైన మ్యాపు మీద స్కేలు పెట్టకండి, మోసపోతారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి, అదే దగ్గరి దారి. లండన్, న్యూయార్క్ మధ్య నేనలా పట్టి చూస్తే, దారం ఉత్తరానికి వంగి కెనడా తూర్పు తీరం మీదుగా వెళ్లింది. ఈ దూరం దాదాపు 5,540 కిలోమీటర్లు. (మైళ్లలో కనిపిస్తే నాటికల్ మైళ్లేమో చూసుకోండి. ఒక్కోటి 1.852 కిలోమీటర్లు.)

విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతుందనుకుని, దూరాన్ని 850తో భాగిస్తే ఆరున్నర గంటలు. విమానం రన్‌వే దాకా వెళ్లడానికి, పైకెక్కి దిగడానికి ఇంకో అరగంట కలపండి. తర్వాత గాలి. ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ వల్ల న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎనిమిది గంటలు, తిరిగొచ్చేటప్పుడు ఏడే పడుతుంది.

టికెట్ మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే. లండన్‌లో ఉదయం 11కి బయల్దేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కి దిగుతారని ఉంటే అది మూడు గంటల ప్రయాణం కాదు, అయిదు గంటల తేడా కలపాలి. మార్చిలో, అక్టోబరు చివర్లో కొన్నాళ్లు ఆ తేడా నాలుగే ఉంటుంది, ఎందుకంటే రెండు దేశాలూ వేసవికని గడియారాలు గంట ముందుకు, ఆ తర్వాత వెనక్కి మార్చే తేదీలు వేరు. కనెక్షన్ ఫ్లైట్ ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చూసుకోండి.