లింకులు మారుతున్నా ఏజెంట్లన్నీ ఒకే సగటుకు రావాలంటే

డ్రోన్లయినా సెన్సార్లయినా, ఒక్కో ఏజెంట్ దగ్గర ఒక విలువ ఉంటుంది; పొరుగువాళ్లతో మాత్రమే విలువలు పంచుకుంటూ అన్నీ మొదటి విలువల సగటుకు చేరాలి. ఇలా ఒకసారి పంచుకోవడం ఒక రౌండ్. కదులుతున్నప్పుడు వాటి మధ్య లింకులు తెగుతూ కలుస్తూ ఉంటాయి. ప్రతి క్షణం నెట్‌వర్కంతా కలిసే ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. ‘బి’ అనే ఒక సంఖ్య ఉండి, ఎక్కడి నుంచైనా వరుసగా అన్ని రౌండ్లు తీసుకుంటే, వాటిలో కనిపించిన రెండువైపుల లింకులన్నీ కలిపి గీసినప్పుడు ఏ ఏజెంట్ నుంచైనా మిగతా అందరికీ దారి ఉండాలి. జడ్బాబాయి, లిన్, మోర్స్ అనే పరిశోధకులు 2003లో దిశల సమన్వయానికి నిరూపించింది ఈ తరహా ఫలితమే. కాబట్టి ముందు లింకుల లాగ్ చూసి బి ఎంతో తేల్చుకోండి.

ప్రతి రౌండ్‌లో ఏజెంట్ తనకు ఆ క్షణాన ఎందరు పొరుగువాళ్లున్నారో, అంటే తన డిగ్రీని, తన విలువతో పాటు పంపాలి. ఒక్కో లింకు వెయిట్ (తేడాలో ఎంత వంతు తీసుకోవాలో చెప్పే సంఖ్య): 1 / (1 + రెండు డిగ్రీల్లో పెద్దది). పొరుగువారి విలువలోంచి తన విలువ తీసేస్తే వచ్చే తేడాను ఆ వెయిట్‌తో గుణించి ఎవరి విలువకు వాళ్లు కలుపుకోవాలి. ఒకరు ఇప్పటి డిగ్రీ, మరొకరు పాత రౌండ్ డిగ్రీ వాడితే వెయిట్లు రెండువైపులా సరిపోకపోవచ్చు, అప్పుడు సగటు జారిపోతుంది.

మూడు ఏజెంట్ల విలువలు 2, 6, 10 అనుకోండి. బేసి రౌండ్లలో 1–2 లింకు, సరి రౌండ్లలో 2–3 లింకు మాత్రమే ఉన్నాయి. విలువలు 4, 4, 10, తర్వాత 4, 7, 7, తర్వాత 5.5, 5.5, 7, ఆపై 5.5, 6.25, 6.25. మొత్తం ఎప్పుడూ 18 కనుక అందరూ 6 వైపే వెళ్తారు.

అసలు ప్రమాదం ప్యాకెట్ నష్టం, అంటే పంపిన సందేశం దారిలో పోవడం. మొదటి రౌండ్‌లో రెండో ఏజెంట్‌కు మాత్రం సందేశం అందకపోతే విలువలు 4, 6, 10 అవుతాయి. మొత్తం 20కి పెరిగింది. ఆపైన అంతా సవ్యంగా నడిచినా 6.67 దగ్గర ఏకాభిప్రాయం కుదురుతుంది. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు పట్టుకోవడం కష్టం. పరీక్షల్లో ఏజెంట్ల మధ్య తేడా ఒక్కటే చూడకండి, మొత్తాన్ని కూడా ప్రతి రౌండ్ లాగ్ చేయండి. లింకు నమ్మకం లేనిదైతే పుష్-సమ్ పద్ధతి మేలు: విలువతో పాటు ‘బరువు’ అనే మరో సంఖ్యను (పై లింకు వెయిట్ కాదు) కూడా పంచుకుంటూ వాటి నిష్పత్తి తీసుకోవడం. అక్కడ కూడా ఆ రౌండ్ వాటా కాకుండా ఇప్పటిదాకా పంపిన వాటాలన్నిటి మొత్తాన్ని పంపితే, పోయిన ప్యాకెట్ లోటు తర్వాతి ప్యాకెట్‌తో తీరుతుంది.

ఎప్పుడు ఆపాలి? పొరుగువాళ్లతో తేడా తగ్గిందని ఆపేయకండి, అవతలి గుంపు ఇంకా దూరంగా ఉండొచ్చు. ఆ క్షణపు గరిష్ఠ, కనిష్ఠ విలువలను విడిగా నెట్‌వర్కంతా ప్రసారం చేయండి. ఎన్ ఏజెంట్లుంటే, ప్యాకెట్లు పోనప్పుడు, (ఎన్ − 1) × బి రౌండ్లలో అవి అందరికీ చేరతాయి. వాటి తేడా మీరు పెట్టుకున్న హద్దులోకి వస్తే అందరూ ఒకేసారి ఆపొచ్చు.